చచ్చిన మొక్కల పద్దు

ఊరి పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు, పైగా నా పింఛను కాగితాలు ఇంకా రెండు బల్లలు దాటాల్సి ఉంది. కర్నూలు నుంచి కడపకు బస్సులో పోయేవాళ్లకు కిటికీలోంచి కనిపించే ఊళ్లలో ఒకటి అనుకోండి. ఆ ఊళ్లో పార్కులు పదకొండు. అంటే కాగితం మీద పదకొండు. ఒకటి పెళ్లిమండపానికి బండ్లు నిలిపే జాగా అయింది, ఇంకోదాంట్లో నీళ్ల ట్యాంకు లేచింది, మూడోది ఎక్కడుందో నాకూ తెలియదు. మిగిలిన ఎనిమిదింటికి ఏటా ఎంత ఖర్చవుతుందో అంచనా రాయడం నా పని. వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఇరవై ఆరేళ్లు అదే రాశాను. పార్కుకు పోయి రాసింది తక్కువ. పోయినేటి కాగితం ముందేసుకుని, అంకెలు కాస్త అటూ ఇటూ జరిపి రాసింది ఎక్కువ.

ఆ ఎనిమిదింటిలో మొక్కలున్న పార్కు ఒక్కటే. తక్కినవాటిలో మొక్కల గుంతలున్నాయి. ఆ ఒక్కదాన్ని చూసుకునేది నన్నీ బీ.

ఆమెది కోడుమూరు పక్క పల్లె. భర్త వలి సాహెబ్ దూదేకి పరుపులు కుట్టే మనిషి. వానలు తప్పిన ఏళ్లలో పల్లెలో పరుపు కుట్టించుకునేవాళ్లు కరువై, ఇద్దరూ ఈ ఊరికొచ్చి మసీదు వెనక సందులో చిన్న కొట్టు పెట్టుకున్నారు. ఆమె పార్కులో తోటపనికి చేరింది. జీతం ఇచ్చేది ఏజెన్సీ. ఏజెన్సీ మారినప్పుడల్లా ఆమె అప్పుడే కొత్తగా చేరినట్టు రాసుకుంటారు. పంతొమ్మిదేళ్లు పనిచేసినా, ఆ లెక్కన ఆమె సర్వీసు ఎప్పుడూ రెండేళ్లు దాటలేదు.

మనిషి పొట్టి, మాట గట్టి. పొద్దున్నే నడకకు వచ్చే ఆడవాళ్లు పూలు కోస్తుంటే ఊరుకునేది కాదు. "దేవుడికే గదా నన్నీ బీ" అని వాళ్లంటే, "దేవుడు ఈడ గూడా ఉండాడులేమ్మా, చెట్టు మీదనే ఉంచి మొక్కుకోండి" అనేది. వాళ్లు నవ్వి చేయి వెనక్కి తీసుకునేవాళ్లు. నాకు మాత్రం ఆమె అంటే కొంచెం బెరుకు. దాని సంగతి చెప్తాను.

ఆమె వచ్చినప్పుడు ఆ జాగా అంతా సర్కారు తుమ్మ. కొట్టించి, గుంతలు తీయించి, మొక్కలు ఇచ్చి వదిలేశాం. మొదటి వేసవిలో ముప్పై పోయాయి. ఆ ముప్పై ఏయే గుంతల్లో ఉండేవో ఆమె ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలదు. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. పరుపులు కుట్టేచోట పనికిరాని దూది మిగులుతుంది. పాత పరుపు విప్పితే లోపల గడ్డకట్టిన దూదిలో సగం మళ్లీ ఏకడానికి లొంగదు, మామూలుగా దాన్ని కాల్చేస్తారు. నన్నీ బీ దాన్ని గోతాల్లో నింపుకుని పార్కుకు మోసుకొచ్చేది. మొక్క మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వి, ఆ దూదిని తడిపి కూరి, మట్టి కప్పి, పైన చదునైన బండముక్క పెట్టేది. వేరే పార్కులో మొక్కకు రోజూ పోయాల్సిన నీళ్లు, ఆమె మొక్కకు నాలుగు రోజులకొకసారి పోసినా సరిపోయేవి. ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు. మొగుడు దూదేకాలి, పుట్టింది కోడుమూరు పక్కన కావాలి. అప్పుడే తట్టే ఉపాయం అది. అట్లా ఆమె నిలబెట్టిన మొక్కలు నాలుగు వందల పన్నెండు.

ఇప్పుడు నా వైపు సంగతి. మా అంచనాలో నీళ్ల ట్యాంకరుకు విడిగా పద్దు లేదు. నీళ్లు కొత్త మొక్కలకే. కొత్త మొక్క నాటితే మొదటి వేసవంతా దానికి నీళ్లు పోయాలి, అందుకు ట్యాంకరు. ఒక వేసవి దాటిన మొక్క పెరిగిన మొక్క, దానికి నీళ్లక్కర్లేదు. ఈ నిబంధన రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, మే నెలలో మా వైపు అడుగు పెట్టి ఉండడు. కొత్తది నాటాలంటే గుంత ఖాళీ కావాలి, గుంత ఖాళీ కావాలంటే పాతది చచ్చి ఉండాలి. అంటే నీళ్లు కావాలంటే ముందు చావులు చూపించాలి. ఒక పార్కులో యాభై చావులకు తక్కువైతే దానికి ట్యాంకరు కదలదు. యాభై ఉంటే రోజు మార్చి రోజు ఒకటి, వంద ఉంటే రోజూ ఒకటి.

తక్కిన పార్కులతో నాకు ఇబ్బంది లేదు, అక్కడ నిజంగానే చస్తాయి. నన్నీ బీ పార్కులో మాత్రం ప్రతి ఏడూ ఓ వంద మొక్కల్ని కుర్చీలోంచే చంపేవాణ్ణి. ఒక ఏడు నూట నాలుగు, మరుసటేడు నూట ఒకటి. అంకె గుండ్రంగా ఉంటే అనుమానం వస్తుందని ఆ జాగ్రత్త. కొనే మొక్కలతో తక్కిన పార్కుల గుంతలు నింపేవాళ్లం. ట్యాంకరు ఆమె పార్కుకు వచ్చేది, ఆమె ఉన్నవాటికి పోసుకునేది. అందరికీ బాగానే ఉంది. తన మొక్కలు మా రిజిస్టరులో ఏటేటా చస్తున్నాయని మాత్రం ఆమెకు తెలియదు. బెరుకన్నది ఇందుకే.

రెండేళ్ల కిందట నవంబరులో మా పైన కొత్త అసిస్టెంట్ ఇంజినీరు వచ్చింది. పేరు శివకుమారి, కమలాపురం అమ్మాయి, ముప్పై కూడా ఉండవు. ఆ ఏడే కొత్త పద్ధతి కూడా వచ్చింది. చచ్చిన ప్రతి మొక్కకూ ఫోన్లో ఫొటో తీసి ఎక్కించాలి, అది ఏ పార్కులో ఏ గుంతదో ఫోనే పట్టేస్తుంది. నేను రాసిన కాగితం చేత్తో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని శివకుమారి ఆ పార్కుకు పోయింది.

"ఎండిపోయినవి నూట ఏడు ఉన్నాయంట. చూపించమ్మా, ఫొటోలు తీసుకుంటాం" అంది.

నన్నీ బీ నీళ్లు పోయడం ఆపింది. "యాడ సచ్చినాయి మేడం? ఒగటి గూడా సావలే. ఎవురు జెప్పినారు మీకు?"

నేను పక్కనున్న బెంచీ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపట్లో నోరు విప్పి, మేడం, ఇది నీళ్ల కోసం రాసే అంకె అని ఒక్క మాట చెప్పి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు. చెప్పలేదు. ఇన్నేళ్లు దొంగలెక్క రాశానని కొత్త ఆఫీసరు ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "పాత కాగితం మేడం, ఎక్కడో పొరపాటు పడి ఉంటుంది" అన్నాను.

నన్నీ బీ మమ్మల్ని మొక్కమొక్కకూ తిప్పింది. గంటన్నర పట్టింది. ఒక మందారం ఆకులన్నీ రాలి పుల్లలా ఉంటే శివకుమారి ఫోన్ ఎత్తింది. నన్నీ బీ అడ్డం పోయి గోటితో బెరడు గీకి చూపించింది. "లోపల పచ్చగా ఉండాది జూడండి. వారం పోతే సిగురేస్తాది." శివకుమారి ఫోన్ దించి, ఎండిపోయినవి లేవు అని అక్కడికక్కడే ఎక్కించింది. ఆ అమ్మాయి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. ఇట్లాంటి పార్కు జిల్లాలో ఇంకోటి లేదని ఆఫీసుకు వచ్చే దారంతా చెప్తూనే ఉంది.

జనవరి ఇరవై ఆరున నన్నీ బీకి శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగింది, ఎవరో వచ్చి సరిచేశారు. వలి సాహెబ్ దానికి అద్దం కట్టించి కొట్లో గోడకు తగిలించాడు. పరుపు బేరానికి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడని విన్నాను.

అంత మంచి పార్కును ఇంకా మంచిగా చేయాలని పైనుంచి డబ్బు వచ్చింది. అభివృద్ధి ప్రణాళిక అని పార్కులోనే షామియానా వేసి, ఏం కావాలో చెప్పండని జనాన్ని అడిగారు. వచ్చింది పొద్దున నడిచేవాళ్లు. వాళ్లకు పెద్ద దేవేంద్రప్ప, బ్యాంకులో చేసి దిగిపోయినాయన. నడక దారికి రంగు ఇటుకలు అడిగారు. కసరత్తు సామాన్లు అడిగారు. ఊరి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో, రాత్రిపూట వెలిగేటట్టు కావాలన్నారు, ముందు నిలబడి ఫొటోలు దిగడానికి. అక్షరాలు ఎర్రగా ఉండాలా నీలంగా ఉండాలా అన్న దాని మీద అరగంట నడిచింది. అన్నీ రాసుకున్నాను. నీళ్లు ఎవరూ అడగలేదు. కళ్లెదుట అంత పచ్చగా ఉంటే నీళ్లు కావాలని ఎవరికి తడుతుంది? నన్నీ బీ టీ గ్లాసులు అందిస్తూ ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరిలో, ఏటా మాదిరే, పార్కు బోరు ఎండిపోయింది. మార్చి మొదట్లో ట్యాంకర్ల జాబితా వచ్చింది. అందులో ఏడు పార్కుల పేర్లున్నాయి, ఎనిమిదోది లేదు. బడ్జెట్ కాగితంలో ఆమె పార్కు పేరు పక్కన అభివృద్ధి కింద పద్దెనిమిది లక్షలు ఉంది, నీళ్ల కింద సున్నా ఉంది. ట్యాంకరు రాకపోతే మే నెల దాటేసరికి నాలుగు వందల పన్నెండూ కట్టెపుల్లలే. దూది తడిని దాచగలదు గానీ లేని నీళ్లు తేలేదు.

శివకుమారి జాబితా రెండుసార్లు చదివి నన్ను పిలిచింది. ఈసారి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, తిడితే బాగుండేది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు లక్ష్మన్న గారూ" అని మాత్రం అంది. ఆ సాయంత్రమే ఆమె కొత్త పద్దు ఒకటి రాసి పైకి పంపింది, బతికున్న మొక్కలకు వేసవి నీళ్లు అని. మూడో రోజు అది తిరిగొచ్చింది, రేట్ల పుస్తకంలో అట్లాంటి పని లేదని ఎర్ర సిరాతో రాసి ఉంది. అభివృద్ధి డబ్బులోంచి మళ్లిద్దామంటే, ఇటుకలకు ఇచ్చింది ఇటుకలకే వాడాలన్నారు. ఇక మిగిలింది ఒకటే. నెలాఖరులోపు చచ్చిన మొక్కల ఫొటోలు ఎక్కిస్తే అనుబంధ జాబితాలో చేరుస్తారు.

ఈ సంగతి నన్నీ బీకి చెప్పి రమ్మని నన్నే పంపింది. న్యాయమే.

అప్పటికే నన్నీ బీ మసీదు కుళాయి దగ్గర డ్రమ్ములు నింపించి, వలి సాహెబ్ తోపుడుబండి మీద తెప్పించుకుంటూ ఉంది. నేను చెప్తుంటే గట్టు మీద కూర్చుని విన్నది. మధ్యలో ఒక్కసారి ఆపింది.

"అంటే, యేటా నా సెట్లు సచ్చినాయని రాస్తాంటివా?"

"రాస్తాంటి."

"ఎన్నేండ్లు?"

"నువ్వొచ్చిన కాడినుంచి."

పుల్ల తీసుకుని మట్టిలో గీసింది. "బతికుండే మనిషిని సచ్చినాడని రాస్తే ఎవురన్నా ఊరుకుంటారా?" అంది.

నేను దారిలో ఆలోచించుకొచ్చిన ఉపాయం చెప్పాను. తక్కిన పార్కుల్లో ఎండు మొక్కలకు కొదవ లేదు. ఓ యాభై పీక్కొచ్చి ఇక్కడ గుచ్చి ఫొటోలు తీస్తే పని జరిగిపోతుంది. చెప్తున్నప్పుడు నాకది తెలివైన ఉపాయంగానే అనిపించింది.

"గుచ్చేకి గుంతలు యాడుండాయప్పా?" అంది నన్నీ బీ. "గుంతలు నాలుగు నూర్ల పన్నెండు, సెట్లు నాలుగు నూర్ల పన్నెండు. ఎండువి పెట్టాలన్నా పచ్చివి పీకాల. ఈ ఎండలో పీకితే ఇంగ యాడ నాటినా బతకవు."

అంచనాలు రాసే నాకు ఆ లెక్క తట్టలేదు. ఆమె లేచి కొంగు దులుపుకుంది.

"ఎన్ని సావాల?"

"యాభై."

"యాభై సస్తే మిగతావాటికి నీళ్లు వస్తాయా? నిజంగా వస్తాయా?"

"వస్తాయి."

మరుసటి రోజు పొద్దున నన్ను వెంట తిప్పుకుంటూ ఏరింది. కానుగలు వద్దంది, మధ్యాహ్నం కూలి మనుషులు వాటి నీడన పడుకుంటారు. ఉయ్యాలల దగ్గరివి వద్దంది. గేటు పక్క పూలమొక్కలు వద్దంది, ఆడవాళ్లు వాటికోసమే అటుగా నడుస్తారు. చివరికి వెనక గోడ వెంబడి రెండు వరసల్లో ఉన్న నందివర్ధనాల దగ్గర ఆగింది. "ఇవి. ఈడికి ఎవురూ రారు. ఎవురికీ బాద ఉండదు" అంది. ఆమె సంగతి నేను అడగలేదు.

బండముక్కలు తనే తీసింది. కూరిన దూదిని తవ్వి గోతంలోకి ఎత్తింది. ఒక పూటలో అయిపోయింది. ఆ రోజు నుంచి మోసిన నీళ్లు మూడు వందల అరవై రెండింటికి పోసింది, యాభైకి పోయలేదు. రోజూ చీకటి విడవకముందే వచ్చేది. ఆ డ్రమ్ముల నీళ్లతో ఎక్కువ కాలం నెట్టుకురాలేమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె పెంచిన మొక్కలు అంత తొందరగా చావవు. వారానికి ఆకులు వాలాయి. పది రోజులకు చివర్లు మాడాయి. ఒకరోజు వలి సాహెబ్ డ్రమ్ములో మిగిలిన నీళ్లు చెంబుతో ముంచుకుని వెనక గోడ వైపు నడిచాడు. ఈ యాభై సంగతి ఆయనకు ఆమె చెప్పి ఉండలేదు. నన్నీ బీ ఎదురుపోయి చేయి పట్టుకుంది.

"ఇవి మరిసిపోయినావేమో అనుకుంటి. ఎండిపోతాండాయి" అన్నాడు.

"మరిసిపోలే. ఇడ్సిపెట్టు."

"ఒక్క చెంబే గదా. ఇంటికొచ్చినాంక తిడుదువులే, ఈడ పొయ్యనీ."

ఆమె చెంబు లాక్కుని ఆ నీళ్లు పక్క వరసలో కానుగకు పోసింది. వలి సాహెబ్ ఆమె ముఖం చూసి, నా ముఖం చూసి, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత డ్రమ్ములు గేటు దగ్గరే దించి పోయేవాడు, లోపలికి రాలేదు.

మార్చి ఇరవై తొమ్మిదికి ముప్పై ఒకటి ఎండాయి. ఇంకా పంతొమ్మిది కావాలి. ఎర్రటి ఎండలో, పార్కులో ఎవరూ లేని వేళ, ఆమె పార తీసుకుని ఆ పంతొమ్మిదింటి మొదళ్లు తవ్వి వేర్లు ఎండకు పెట్టింది. నేను సాయం చేస్తానని చేయి చాచాను. "నీది రాసే పని గదప్పా" అంది. అందులో వెటకారం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ముప్పై ఒకటో తేదీ ఫొటోలు నేనే తీశాను. ఒక్కో ఫొటో తర్వాత ఫోన్ కారణం అడుగుతుంది. చీడ, పశువులు, దొంగతనం, నీటి ఎద్దడి, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి నొక్కాలి. నన్నీ బీ పక్కన నిలబడి, అదేమడుగుతాండాదని అడిగింది. చెప్పాను.

"నా పేరు రాయి" అంది.

"పేరు రాసే జాగా లేదు నన్నీ బీ."

"నేనే గదా సంపింది. ఇంగెవురి పేరు రాస్తావు?"

నా పేరు అనాలనిపించింది, అనలేదు. నీటి ఎద్దడి అని నొక్కాను. యాభైసార్లు నొక్కాను. చెమటకు వేలు జారుతుంటే చొక్కాకు తుడుచుకుని మళ్లీ నొక్కాను. వందలకొద్దీ మొక్కల్ని కాగితం మీద చంపినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఆ రోజు ఆమె పక్కన నిలబడి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఏప్రిల్ ఐదున ట్యాంకరు వచ్చింది. దాంతోపాటు యాభై కొత్త నందివర్ధనాలు వచ్చాయి, ఖాళీ గుంతల్లో నాటించాం. జూన్ దాకా రోజు మార్చి రోజు నీళ్లు వచ్చాయి. మూడు వందల అరవై రెండూ బతికాయి. రంగు ఇటుకల దారి పూర్తయింది, అక్షరాలు నీలంగా వెలిగాయి, దేవేంద్రప్ప వాటి ముందు నిలబడి మొదటి ఫొటో దిగాడు. శివకుమారి తన పద్దును మళ్లీ రాసి మళ్లీ పంపింది. ఈసారి అది తిరిగి కూడా రాలేదు.

మళ్లీ నవంబరు వచ్చింది. నాకది చివరి అంచనా. కుర్చీలోంచి రాయబుద్ధి కాక పార్కుకు పోయాను. ఏం మాట్లాడాలో దారంతా కూడబలుక్కుంటూ పోయాను గానీ అంత అవసరం పడలేదు. నన్ను చూడగానే నన్నీ బీ కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"ఈ యేడు ఎన్నప్పా?"

"యాభై. ఈసారీ ఫొటోలు కావాల" అన్నాను.

ఆమె వెనక గోడ వైపు చేయి చూపింది. పోయిన వేసవిలో నాటిన యాభై అక్కడ మోకాలెత్తు పెరిగి ఉన్నాయి.

"అవే రాసుకో" అంది. "నీళ్లు పోస్తాండా గానీ, వాటి దగ్గర నేను ఒక్క దినం గూడా నిలబడలే."

రాసుకున్నాను.